లాడిల్‌ని నిమ్మళంగా ఆరబెట్టాలి, నాజిల్‌ని జల్ది కాల్చాలి

లాడిల్ అంటే కరిగిన ఉక్కును మోసే పెద్ద పాత్ర, లైనింగ్ అంటే వేడికి తట్టుకునేలా దాని లోపల వేసే పొర. కొత్త లైనింగ్ వేసిన లాడిల్‌లో ఉక్కు పడగానే కుతకుత ఉడికి పైకి చిమ్మితే, షిఫ్టులో అందరి నోటా వచ్చే మాట ఒకటే: "రాత్రంతా బర్నర్ పెట్టినం కదా!" పెట్టే ఉంటారు. లోపలి గోడ ఎర్రగా మెరిసే ఉంటుంది. అయినా ఆ గోడ వెనక, షెల్లును (బయటి ఉక్కు తొట్టిని) ఆనుకుని నాలుగైదు అంగుళాల లోతులో, కాస్టబుల్ (నీళ్లు కలిపి పోసే, వేడికి తట్టుకునే కాంక్రీటు) కలిపినప్పుడు పోసిన నీళ్లు కొన్ని అట్లాగే ఉండిపోయాయి. 1,650 డిగ్రీల ఉక్కు వచ్చి గోడకు తగిలితే అవి ఇక ఆగవు. (ఇందులో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

మనం "ప్రీహీటింగ్" అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు పనులు. ఒకటి ఆరబెట్టడం, ఇంకొకటి కాల్చడం. మొదటిదానికి ఓపిక కావాలి, రెండోదానికి మంట కావాలి. ఒకదాని టైములో ఇంకోటి చేస్తే లైనింగ్ పేలుతుంది, లేదా లాడిల్‌లో ఉక్కు గడ్డకడుతుంది. ఉక్కు కిందికి పారే నాజిల్ లాంటి, గ్రాఫైట్ కలిసిన ముక్కలకైతే ఈ లెక్క మొత్తం తలకిందులు. వాటిని నెమ్మదిగా కాల్చడమే తప్పు.

ఇక్కడ రాసేది కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల రోడ్డు మీదా, అటు చౌటుప్పల్ వైపూ కనిపించే రకం షాపుల కోసం: ఇండక్షన్ ఫర్నేసు (కరెంటుతో ఉక్కు కరిగించే కొలిమి), 5 నుంచి 20 టన్నుల లాడిల్, దాని కింద బిల్లెట్ కాస్టరో (ఉక్కును పొడుగు కడ్డీలుగా పోసే యంత్రం) ఇంగాట్ మోల్డులో (ఉక్కును దిమ్మెలుగా పోసే అచ్చులు). కంప్యూటర్ చూసుకునే హీటింగ్ స్టేషన్లు ఉన్న పెద్ద ప్లాంటువాళ్లకు ఇందులో చాలా భాగం అక్కర్లేదు.

నీళ్లు ఎక్కడ దాక్కుంటాయి

ఒక చిన్న లెక్క. లాడిల్ అడుగున 200 కిలోల లో-సిమెంట్ కాస్టబుల్ వేశారు, 6 శాతం నీళ్లు కలిపారు. అంటే 12 లీటర్లు, ఒక బకెట్. ఒక లీటరు నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల ఆవిరి అవుతుంది. ఆ బకెట్ నీళ్లు 20 ఘనపు మీటర్ల ఆవిరి, అంటే ఒక చిన్న గది నిండా. ఉక్కు వేడికి అదే ఆవిరి ఇంకో ఐదింతలు ఉబ్బుతుంది. మామూలు కాస్టబుల్ అయితే నీళ్లు 10 శాతం పైనే పడతాయి, అప్పుడు బకెట్ కాస్తా రెండు బకెట్లు.

ఆ నీళ్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. రంధ్రాల్లో ఊరికే నిలబడ్డ నీళ్లు 100 దాటితే పోతాయి. సిమెంటుతో కలిసి గట్టిపడిన నీళ్లు వేరు. అవి రాయిలో భాగం అయిపోతాయి, 200 నుంచి 350 డిగ్రీల మధ్య సిమెంటు విడగొట్టుకుంటేనే బయటికి వస్తాయి. అందుకే 110 దగ్గర పది గంటలు పెట్టినా పని పూర్తయినట్టు కాదు.

మూడో తడి సంగతి చాలామందికి తట్టదు. అది బర్నర్ నుంచే వస్తుంది. ఒక కిలో ఎల్పీజీ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి లాడిల్‌లోకి మంట తిప్పిన మొదటి అరగంట ఆ ఆవిరి చల్లటి గోడ మీద చెమ్మగా కూర్చుంటుంది. టార్చి వేసి చూడండి, గోడ మెరుస్తూ చెమటపట్టినట్టు కనిపిస్తుంది. ఆరబెడుతున్నామని అనుకుంటూ తడుపుతున్నామన్న మాట.

ఇక నల్గొండ ఎండ మీద నమ్మకం. మే నెలలో 44 డిగ్రీలు కాస్తుంటే లాడిల్‌ని బయట రెండు రోజులు పెడితే చాలు, ఎండిపోతుందని అంటారు. పైపొర ఎండుతుంది, నిజమే. ఆ 44 డిగ్రీలకు 150 మిల్లీమీటర్ల లోతున ఉన్న నీళ్లు కదలవు. కట్టుబడిన నీళ్లయితే అసలే కదలవు. మిరపకాయలు ఎండే ఎండకు కాస్టబుల్ ఎండదు. పైగా పైన గట్టిపడ్డ పొర, లోపలి ఆవిరికి అడ్డుగోడ అవుతుంది.

పోసేటప్పుడే సగం పని

బాగా ఆరే లైనింగ్ కావాలంటే కలిపే దగ్గరే జాగ్రత్త పడాలి. బస్తా మీద రాసిన నీళ్లే కొలిచి పోయండి. చేతికి హాయిగా జారుతోందని మేస్త్రీ ఇంకో మగ్గు పోస్తాడు. ఆ మగ్గు బలాన్నీ తగ్గిస్తుంది, ఆరే టైమునూ పెంచుతుంది. గుప్పిట్లో పట్టి బంతి చేస్తే విడిపోకుండా, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకుండా ఉండాలి. లో-సిమెంట్ రకం పొడిగా కనిపిస్తుంది, వైబ్రేటర్ పెట్టగానే పారుతుంది, భయపడొద్దు. ఇక బోరు నీళ్లు వద్దు. ఈ ప్రాంతపు బోర్లలో ఉప్పులు ఎక్కువ, అవి సిమెంటు గట్టిపడే తీరును పాడుచేస్తాయి. తాగే నీళ్లు, భగీరథ నల్లా నీళ్లు వాడండి.

నీళ్ల వేడి కూడా లెక్కే. ఎండలో పెట్టిన డ్రమ్ము నీళ్లు ఎండాకాలం మధ్యాహ్నం 40 దాటతాయి. వాటితో కలిపితే మిక్సర్లోనే గట్టిపడటం మొదలై, మూలలు నిండవు. పొద్దుగాలే కలపండి, లేదా డ్రమ్ము నీడలో పెట్టండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కథ ఇంకో రకం. 20 డిగ్రీల కంటే కిందికి పోతే కాల్షియం అల్యూమినేట్ సిమెంటు జిగురులాంటి, రంధ్రాలు మూసుకుపోయిన రూపంలో గట్టిపడుతుంది. పైకి బాగానే ఉంటుంది, వేడి చేసినప్పుడు ఆవిరికి దారి దొరక్క పేలుతుంది. చలికాలంలో వేసిన లైనింగులే ఎక్కువ పేలడానికి ఇది పెద్ద కారణం. చలి రాత్రి అయితే గోనెపట్టాలు కప్పి, షెడ్డులో వెచ్చటి చోట పెట్టి, కనీసం 24 గంటలు ఉంచండి.

షెల్లుకు పొక్కలు (రంధ్రాలు) ఉన్నాయా చూడండి. 8 నుంచి 10 మిల్లీమీటర్ల పొక్కలు, ప్రతి అడుగు దూరానికి ఒకటి చొప్పున, షెల్లు గోడకూ కింది భాగానికీ ఉండాలి. వెనక్కి పోయిన ఆవిరికి అదొక్కటే దారి. పాత లాడిళ్లలో ఇవి స్లాగుతోనో (ఉక్కు మీద తేలే మడ్డి) మోర్టార్‌తోనో (ఇటుకలు అతికించే ముద్ద) మూసుకుపోయి ఉంటాయి. లైనింగ్ వేయకముందే సలాకతో పొడిచి తెరవండి, వేశాక చేసేదేం లేదు.

40 గంటల లెక్క

150 మిల్లీమీటర్ల మందం కాస్టబుల్ లైనింగ్‌కి సరిపోయే షెడ్యూలు ఇది. తయారీదారు కాగితం ఇచ్చి ఉంటే దానిదే పైమాట. ఫార్మా (పోతకు పెట్టిన అచ్చు) తీశాక ఇంకో 24 గంటలు గాలికి వదిలేయండి, వానాకాలమైతే 36 నుంచి 48. తర్వాత:

మామూలు వేడి నుంచి 120 వరకు, గంటకు 25 డిగ్రీలు: 4 గంటలు
120 దగ్గర ఆపడం: 6 గంటలు
120 నుంచి 350 వరకు, గంటకు 30 డిగ్రీలు: 8 గంటలు
350 దగ్గర ఆపడం: 6 గంటలు
350 నుంచి 600 వరకు, గంటకు 50 డిగ్రీలు: 5 గంటలు
600 దగ్గర ఆపడం: 4 గంటలు
600 నుంచి 1,000 వరకు, గంటకు 80 డిగ్రీలు: 5 గంటలు
1,000 దగ్గర ఆపడం: 2 గంటలు

మొత్తం 40 గంటలు. 120, 350 దగ్గర ఆపే టైముకు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే: ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి ఒక గంట. 100 మిల్లీమీటర్ల లైనింగ్‌కి 120 దగ్గరా 350 దగ్గరా నాలుగేసి గంటలు చాలు, 200 అయితే ఎనిమిదేసి కావాలి. ప్రొడక్షన్ వాళ్లు టైము తగ్గించమంటే 600 పైన తగ్గించండి. 350 లోపల ఒక్క గంట కూడా ఇవ్వొద్దు. పేలిన లైనింగుల్లో ఎక్కువ భాగం పేలేది అక్కడే.

కాగితం మీద ఇది సులువు. షాపులో అసలు చిక్కు 120 దగ్గర నిలపడం. లాడిల్‌ని 1,100కి తీసుకెళ్లే బర్నర్ కనిష్ఠంగా తిప్పినా పది నిమిషాల్లో 300 దాటిస్తుంది. అందుకే "మంట తగ్గించి పెట్టినం" అన్న లాడిల్ కూడా మొదటి గంటలోనే పాడవుతుంది. దీనికి మన దగ్గర చవకగా దొరికే మందు సర్కారు తుమ్మ బొగ్గులు. ఇనుప జాలీ బుట్టలో 10, 15 కిలోల బొగ్గులు బయటే రాజేసి, పొగ పోయి నిప్పులయ్యాక గొలుసుతో లాడిల్ మధ్యలో, దాని కింది భాగానికి ఒకటిన్నర అడుగు ఎత్తున వేలాడదీయండి. పైన మూత సగం తెరిచి పెట్టండి. బొగ్గులో మంచి గుణం ఏమంటే, కాలితే నీటి ఆవిరి దాదాపు పుట్టదు. అందుకే ఇందాక చెప్పిన చెమ్మ బెడద ఉండదు. పచ్చి కట్టెలు వేస్తే ఆ లాభం మొత్తం పోతుంది. నిప్పుల బుట్ట ఉన్నప్పుడు లాడిల్ మీదికి వంగి చూడొద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, తల తిరిగేదాకా తెలియదు.

బొగ్గులు వద్దనుకుంటే చిన్న ఎల్పీజీ రింగు బర్నర్ వేరుగా పెట్టుకోండి, లేదా పెద్ద బర్నర్‌లో గ్యాసు కనిష్ఠం చేసి బ్లోయర్ గాలి పూర్తిగా వదలండి. ఎక్కువ గాలి వేడిని తగ్గిస్తుంది, చెమ్మను కూడా ఊడ్చుకుపోతుంది. ఏది వాడినా మంట నాలుక గోడకు తగలకూడదు. తగిలిన చోట ఒక పళ్లెమంత ముక్క లేచిపోయి ఉంటుంది, లైనింగ్ తీసినప్పుడు చూడండి.

థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఒక్కటి చాలదు. ఒకటి లోపల, గోడకు 25 మిల్లీమీటర్ల దూరంలో, మంటకు ఎదురుగా కాకుండా పెట్టండి. షెడ్యూలు దాన్ని బట్టి నడపాలి. రెండోది షెల్లు బయట, నడుము ఎత్తున ఒక పొక్క పక్కన. చెప్పాలంటే రెండోదే అసలు సంగతి చెప్తుంది. వెనక నీళ్లు ఉన్నంతసేపూ షెల్లు వేడి 60, 80, 90 అంటూ పాకి, 100 లోపలే మొండికేస్తుంది. మనం ఇచ్చే వేడి అంతా నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది గనుక. అది 100 దాటి పైకి పోవడం మొదలైందంటే వెనక ఊరికే ఉన్న నీళ్లు ఖాళీ అయినట్టు. దానికంటే ముందు 350 దాటొద్దు, గడియారం ఏం చెప్పినా సరే.

థర్మోకపుల్ లేని చోట అద్దం ముక్కో, చల్లటి స్టీలు ప్లేటో పొక్క ముందు రెండు వేళ్ల దూరంలో పట్టండి. పది సెకన్లలో మసక కమ్మితే ఆవిరి వస్తోంది. మసక కమ్మకపోతే ఇంకో నాలుగు పొక్కల దగ్గర చూడండి, ముఖ్యంగా అడుగున. లాడిల్ అడుగు ఎప్పుడూ అన్నిటికంటే చివర ఆరుతుంది. ఒక్క పొక్క దగ్గర కూడా ఆవిరి కనిపించకుండా 120 దాటుతుంటే సంతోషపడొద్దు. పొక్కలు మూసుకుపోయాయేమో అని అనుమానించండి.

మధ్యలో కరెంటు పోయో, సిలిండర్ అయిపోయో మంట ఆరితే మూత వేసి పెట్టండి. మళ్లీ వెలిగించినప్పుడు థర్మోకపుల్ ఎంత చూపిస్తే అక్కడి నుంచి అదే రేటుతో ఎక్కించండి. పోయిన టైము రాబట్టుకోవాలని ఒక్కసారి దూకించొద్దు. ఇంకొక మాట, సిలిండర్ నుంచి గ్యాసు జోరుగా లాగితే సిలిండర్ ఒంటి మీద మంచు పేరుకుని ప్రెషర్ పడిపోతుంది. 19 కిలోల సిలిండర్లు ఒకటి రెండు పెట్టి 10 టన్నుల లాడిల్ కాల్చాలనుకుంటే రాత్రి రెండింటికి సరిగ్గా అదే జరుగుతుంది. నాలుగైదు సిలిండర్లను ఒక మానిఫోల్డుకు (ఉమ్మడి పైపుకు) కలపండి.

మంట ఆరాక మళ్లీ వెలిగించే ముందు ఐదు నిమిషాలు ఉత్త బ్లోయర్ నడపండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, ఆరిన బర్నర్ నుంచి కారిన గ్యాసు లాడిల్ అడుగున చెరువులా నిలుస్తుంది. మీద అగ్గి పెట్టినవాడి కనుబొమ్మలు పోవడం తక్కువలో తక్కువ నష్టం. బ్లోయర్ ఆగితే గ్యాసు తనంతట తాను మూసుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టించుకోండి, దాని ఖర్చు గురించి వాదించొద్దు.

ఇటుక లాడిల్, ప్యాచింగ్

70 శాతం అల్యూమినా ఇటుకలు కట్టిన లాడిల్‌లో తడి మోర్టార్‌లోనూ వెనక సేఫ్టీ లైనింగ్‌లోనూ మాత్రమే ఉంటుంది. దీనికి 40 గంటలు అక్కర్లేదు. 150 దగ్గర 4 గంటలు ఆపి, తర్వాత గంటకు 100 చొప్పున 1,000 వరకు, అక్కడ 2 గంటలు. మొత్తం 14 నుంచి 16 గంటలు. లైనింగ్ సిలికా మాసు (పొడి, ముద్ద రకం) అయితే ఇంకో మెట్టు ఉంది. అందులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుని ఒక్కసారి ఉబ్బుతుంది. 500 నుంచి 650 వరకు గంటకు 50 మించకుండా పోండి. పాలమూరు వైపు గుట్టల్లో తవ్వే తెల్లరాయి కూడా ఇదే క్వార్ట్జ్, ఫర్నేసు ర్యామింగ్ మాస్‌లోనూ (దంచి లైనింగ్ చేసే పొడి) ఇదే ఉంటుంది. నెర్రెలు ఇచ్చిన సిలికా లైనింగ్ చూస్తే ఎవరో 573ని ఉరుకుతూ దాటించారని అర్థం.

నిజానికి కొత్త లైనింగ్ కంటే ప్యాచింగే (అరిగిన చోట మాసు పూయడమే) ఎక్కువ మోసం చేస్తుంది. కొత్త లైనింగ్ అంటే అందరికీ భయం ఉంటుంది, షెడ్యూలు పాటిస్తారు. రెండు హీట్ల (ఒక్కోసారి కరిగించే ఉక్కు) మధ్య వెల్ బ్లాకు (అడుగున నాజిల్ కూర్చునే ఇటుక) చుట్టూ నాలుగు తాపీల మాసు పూసినప్పుడు "కొంచెమే కదా" అని 20 నిమిషాలు మంట చూపి ట్యాప్ చేస్తారు (ఫర్నేసు నుంచి ఉక్కు పోస్తారు). వేడి లాడిల్ మీద పూస్తే పైన బుడబుడమని ఎండినట్టు కనిపిస్తుంది. కింద పొర మాత్రం తడి. 25 మిల్లీమీటర్ల ప్యాచ్‌కి సన్న మంట మీద కనీసం ఒక గంట, తర్వాత పూర్తి మంట ఇంకో గంట. అంత టైము లేకపోతే ఆ హీటుకు వేరే లాడిల్ తీసుకోండి.

ఇక కాల్చడం

ఆరిన లాడిల్‌కి ఇప్పుడు మంట గట్టిగా ఇవ్వొచ్చు. గోడ 1,000 నుంచి 1,100 వరకు ఉండాలి, ఆ వేడి లోపలికి ఇంకేదాకా నిలపాలి. గోడ 1,000కి వచ్చిన అరగంటకే ట్యాప్ చేస్తే వేడి పైపొరలోనే ఉంటుంది, ఉక్కు పోయగానే లోపలి చల్లదనం దాన్ని పీల్చేస్తుంది.

సరిగ్గా కాలని లాడిల్ ఖర్చు ఎక్కడ కనిపిస్తుందో చూడండి. టీఎంటీ రకం ఉక్కు 1,510 చుట్టుపక్కల గడ్డకట్టడం మొదలవుతుంది, టండిష్‌లో (లాడిల్‌కీ కాస్టర్‌కీ మధ్య ఉండే తొట్టి) 1,545 నుంచి 1,555 ఉంటే కాస్టింగ్ సాఫీగా నడుస్తుంది. లాడిల్ చల్లగా ఉందని భయపడి ఫర్నేసులో 50 డిగ్రీలు ఎక్కువ ఎక్కిస్తారు. దానికి టన్నుకు 15 యూనిట్లకు పైనే కరెంటు, అంటే 10 టన్నుల హీటుకు 150 యూనిట్ల పైమాటే. దాని మీద ఫర్నేసు లైనింగ్ అరుగుదల. ఈ డబ్బు కరెంటు బిల్లులో కలిసిపోతుంది గనుక దీన్ని బర్నర్ ఖాతాలో ఎవరూ రాయరు.

రంగు చూసి వేడి చెప్పడం అందరూ చేసేదే. దొండపండు ఎరుపు అయితే 750, 800 మధ్య. నారింజ అయితే 950 దాటింది. పండిన బత్తాయి తొక్క పసుపు వచ్చిందంటే 1,050, 1,100. కానీ మిట్టమధ్యాహ్నం షెడ్డులో ఎండ పడుతుంటే అదే గోడ 100 డిగ్రీలు తక్కువున్నట్టు కనిపిస్తుంది, రాత్రి ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. రాత్రి షిఫ్టు లాడిళ్లలోనే స్కల్ (గోడకు గడ్డకట్టే ఉక్కు) ఎక్కువ పడుతుంటే ముందు ఈ సంగతి ఆలోచించండి. పైరోమీటర్ (తాకకుండా వేడి కొలిచేది) ఉంటే మంట ఆపి, ఒక నిమిషం ఆగి కొలవండి. మంట ఉండగా కొలిస్తే అది మంట వేడి చెప్తుంది.

నిలువు బర్నర్ అయితే అడుగు చూడండి. మూత అంచు దగ్గర సందు ఎక్కువైతే మంట సగం లోతు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. పైన బత్తాయి పసుపు, అడుగున నలుపు. స్లైడ్ గేటు (జరిపి తెరిచే పలక) నాజిల్ ఉండేది ఆ అడుగునే. గేటు తెరుచుకోక ఆక్సిజన్ పైపు పట్టాల్సి వస్తోందంటే, చాలాసార్లు కారణం చల్లటి వెల్ బ్లాకే. లేదంటే నాజిల్ ఇసుక. ఆ ఇసుకను ట్యాపింగ్‌కి సరిగ్గా ముందు, పొడిగా, నాజిల్ నిండి పైన చిన్న కుప్ప వచ్చేలా పోయాలి. ముందే పోసి గంటసేపు మంట పెడితే ఇసుక అతుక్కుపోతుంది. బస్తా మూతి తెరిచి వానాకాలమంతా నేల మీద ఉంచిన ఇసుక అయితే అది తడి ముద్ద, నాజిల్లోంచే కొడుతుంది.

బర్నర్ తీశాక లాడిల్‌ని 10, 15 నిమిషాల్లో ట్యాపింగ్‌కి తేవాలి. క్రేన్ ఖాళీ లేదంటే బర్నర్ తీయొద్దు. మంట ఆపి మూత మాత్రం తీసి పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

నాజిల్‌కి నిమ్మళం పనికిరాదు

అల్యూమినా-గ్రాఫైట్ ముక్కలు, అంటే లాడిల్ ష్రౌడు (లాడిల్ నుంచి టండిష్‌లోకి ఉక్కు దిగే గొట్టం), మునిగే నాజిల్ (టండిష్ కింద, కొస ఉక్కులో మునిగి ఉండేది), మోనోబ్లాక్ స్టాపర్ (ఉక్కు దారిని మూసి తెరిచే రాడ్డు), వీటిలో పోగొట్టాల్సిన నీళ్లు లేవు. కాపాడాల్సిన కార్బన్ ఉంది. గ్రాఫైట్ 500, 600 డిగ్రీల దగ్గర గాలితో కాలిపోవడం మొదలవుతుంది. దాన్ని కాపాడటానికి పైన గ్లేజు (గాజులాంటి పూత) పూస్తారు, అది పూర్తిగా కరిగి పొరలా పరుచుకోవడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. ఆ రెండిటి మధ్య ముక్క ఎంతసేపు గడిపితే అంత కార్బన్ పోతుంది. పోయిన చోట తెల్లగా, వేలితో గీకితే పొడి రాలేలా అవుతుంది. అక్కడే ఉక్కు తినేస్తుంది, మెడ దగ్గర విరుగుతుంది.

కాబట్టి మొదటి నిమిషం నుంచే మంచి మంట. గంట నుంచి గంటన్నరలో 1,000 దాటాలి, 1,100 నుంచి 1,200 మధ్య నిలపాలి. మొత్తం రెండు గంటల్లో ముగించండి. 1,300 దాటితే గ్లేజు కారిపోతుంది, కింద చుక్కలు కనిపిస్తాయి. గాలి ఎక్కువ వదలొద్దు. కాస్టబుల్ ఆరబెట్టేటప్పుడు మేలు చేసిన ఎక్కువ గాలి ఇక్కడ గ్రాఫైట్‌ని కాలుస్తుంది. అలాగని పొగ మంటా వద్దు. వేడి రాదు, మసి పడుతుంది.

పై నుంచి ఒక్క వైపే మంట కొడితే ఒక పక్క 1,150, ఇంకో పక్క 700 అయి నిలువు పర్రె వస్తుంది. నాజిల్‌ని ఒక డబ్బాలాంటి హీటింగ్ బాక్సులో పెట్టి, మంట బోరు (మధ్య రంధ్రం) లోపలినుంచీ బయటినుంచీ తిరిగేలా చేయండి. సిరామిక్ ఫైబర్ చుడితే తీశాక వేడి నిలుస్తుంది, కానీ ఫైబర్ తడిగా ఉంటే ముందు దాన్ని ఆరబెట్టాలి. బర్నర్ తీసిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఉక్కు అందులో పారాలి. కాస్టింగ్ వాయిదా పడి నాజిల్ చల్లారితే దాన్ని మళ్లీ కాల్చి వాడొద్దు. గ్లేజు పగిలి ఉంటుంది, లోపలి కార్బన్ తగ్గి ఉంటుంది. "ఒక్కసారి కూడా వాడలేదు కదా" అనిపిస్తుంది, డబ్బులు పెట్టిన వస్తువు కదా మరి. అయినా పక్కన పెట్టండి.

బిల్లెట్ కాస్టర్ టండిష్‌లో ఉండే జిర్కోనియా మీటరింగ్ నాజిల్ (ఉక్కు పారే వేగాన్ని బోరు కొలతతోనే నిర్ణయించేది) మధ్యరకం. కార్బన్ లేదు కాబట్టి కాలిపోయేదేం లేదు, కానీ ఒక్కసారిగా వేడి కొడితే పగులుతుంది. ఒకటి, ఒకటిన్నర గంటలో 1,000, 1,100కి తేవాలి, కింది నుంచి చిన్న బర్నర్ పెట్టి. 15 మిల్లీమీటర్ల బోరు అది. దాని గోడ చల్లగా ఉంటే మొదటి ఉక్కు అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆక్సిజన్‌తో తెరిస్తే తెరుచుకుంటుంది గానీ బోరు కొలత చెడిపోతుంది, ఆ స్ట్రాండు (కాస్టర్‌లో ఒక వరస) ఇక ఆ సీక్వెన్సంతా (ఆగకుండా పోసే హీట్లన్నీ) వేగం కుదరక సతాయిస్తుంది.

టండిష్ బోర్డుల (లోపల పేర్చే లైనింగ్ పలకల) దగ్గర ఏ రకమో చదివి పని మొదలుపెట్టండి. సిలికా బోర్డులు చల్లగానే వాడే రకం. వాటిలో రెజిన్ (జిగురు) ఉంటుంది, ఎక్కువసేపు మంట పెడితే రెజిన్ కాలి బోర్డు కూలుతుంది. వాటికి నాజిల్‌ని మాత్రమే కాల్చాలి, మంట బోర్డులకు తగలకుండా. మెగ్నీసియా స్ప్రే టండిష్ అయితే ముందు సన్న మంట మీద ఆరబెట్టి, ఆ తర్వాత రెండు మూడు గంటలు గట్టిగా 1,100 దాకా. మెగ్నీసియాని తడిగా రోజుల తరబడి ఉంచొద్దు. నీళ్లు పీల్చి ఉబ్బి పొరలుగా విడిపోతుంది.

మంట పెట్టని వస్తువులు

అన్నీ సరిగ్గా కాల్చి, చివరికి చల్లటి శాంపిల్ స్పూను ముంచి ఒంటి మీద చిమ్మించుకోవడం మామూలే. స్పూను, స్లాగు తీసే రాడ్డు, టెంపరేచర్ లాన్సు (ఉక్కులో ముంచి వేడి కొలిచే రాడ్డు), వీటిని ఫర్నేసు అంచున పెట్టి వెచ్చబడ్డాకే లోపల ముంచండి. వాన రోజుల్లో ఇనుము మీద చెమ్మ కంటికి కనిపించదు.

లాడిల్ మీద చల్లే ఊక బూడిద మన దగ్గరికి ఎక్కువగా మిర్యాలగూడ మిల్లుల నుంచి వస్తుంది. వేడి నిలపడంలో దానికి సాటి లేదు, చవక కూడా. కానీ అది నీళ్లను స్పంజిలా పీలుస్తుంది, పైన పొడిగా కనిపించే బస్తా మధ్యలో తడి ఉంటుంది. బస్తాలను చెక్క పలకల మీద, షెడ్డు లోపల, ఫర్నేసు ఉన్న వైపు గోడకు పెట్టుకోండి. వాడే ముందు చెయ్యి మోచేతి దాకా దూర్చి చూడండి. ఉండలు తగిలితే ఆ బస్తా వద్దు.

ఇంగాట్ మోల్డులూ, బాటమ్ ప్లేటులోని (మోల్డుల కింది పలక) రన్నర్ ఇటుకలూ (ఉక్కు పారే కాలువ ఇటుకలు) 100, 120 డిగ్రీలకు రావాలి. రన్నర్ ఇటుకలు అతికించే మోర్టార్ పలుచగా పూసి, గ్యాసు టార్చితో ఒక్కో జాయింటు ఆరబెట్టండి. అక్కడ తడి ఉంటే ఇంగాట్ అడుగున తేనెపట్టులా పొక్కలు పడతాయి. ఉక్కు తగిలినప్పుడు నీళ్లు విడిపోయి వచ్చిన హైడ్రోజన్ కూడా ఉక్కులోకే పోతుంది. బిల్లెట్ పైకి నున్నగా ఉండి, కోసినప్పుడు సూదిపొక్కలు కనిపిస్తే నాజిల్ మోర్టార్‌నీ, టండిష్ స్ప్రేనీ, బూడిదనీ వరసగా చూడండి.

లాడిల్ కింద, కాస్టర్ కింద ఉండే ఎమర్జెన్సీ పిట్టును (గుంతను) జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి షిఫ్టు మొదట్లో టార్చి వేసి చూడండి. వాన నీళ్లు షెడ్డు రేకుల కారుడు నుంచి, కూలింగ్ పైపు లీకుల నుంచి అక్కడికే చేరతాయి. నీళ్లు తోడేసిన పిట్టు కూడా పొడి కాదు. తోడాక పాత ఇసుక ఎత్తేసి, కాల్చి ఆరబెట్టిన ఇసుక నాలుగు అంగుళాలు పరచండి. లాడిల్ కారిందంటే ఉక్కు దాని మీదే పడుతుంది, కింద ఒక మగ్గు నీళ్లున్నా పైన నిలబడ్డ మనిషిని వదలదు. పిట్టు పొడిగా ఉందని షిఫ్టు ఇంచార్జి సంతకం పెట్టేదాకా ట్యాపింగ్‌కి సైరన్ కొట్టొద్దు.